రోజులు తక్కువ ఉన్నవాడి వేట

గత డిసెంబరు మొదటి శనివారం సాయంత్రం నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. మంచు మీద వరుసగా పేర్చిన తొమ్మిది క్రాపీ చేపలు, వాటి వెనుక మోకాళ్ళ మీద కూర్చుని నవ్వుతున్న ఇద్దరు కుర్రాళ్ళు. వారిలో ఒకతను మా ఆఫీసులోనే పనిచేసే తెలుగు అబ్బాయి, అమెరికాలోని ఈ మిన్నెసోటా రాష్ట్రానికి వచ్చి రెండేళ్ళయింది. అంతకు రెండు రోజుల ముందు గడ్డకట్టిన సరస్సు మీద ఐసుకు రంధ్రం చేసి గాలం వేసే చేపల వేటకు తనను తీసుకెళ్ళమని అడిగితే నేను వద్దన్నాను. ఆ గురువారం నాడు నేను కొలిచినప్పుడు ఆ సరస్సు మీద ఐసు మూడు అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉంది. "వచ్చే రెండు వారాంతాలూ నాకు ఆన్‌కాల్ డ్యూటీ ఉందన్నా. తర్వాత ఇండియా వెళ్తున్నాను. ఈ శనివారం తప్పితే మళ్ళీ జనవరి నెలాఖరే" అన్నాడు. "జనవరి నెలాఖరుకు ఐసు బాగా గట్టిపడుతుంది తమ్ముడూ, అప్పుడు తప్పకుండా వెళదాం" అన్నాను. అతను మరో మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. చేపలు పడ్డాయి, ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరారు. ఫొటో కింద ఒక్క వాక్యం రాశాడు: "చూశావా అన్నా, ఏం కాలేదు."

క్షేమంగా వచ్చినందుకు సంతోషమని మాత్రం జవాబు రాశాను. అది మనస్ఫూర్తిగా రాసిన మాటే. అయితే "ఏం కాలేదు" అన్న ఆ మాట అప్పటినుంచి నన్ను వదలలేదు, ఎందుకంటే ఐసు మీద చేపల వేట, అడవి టర్కీ కోళ్ళ వేట అనే రెండు విద్యలూ నేను కూడా ఆ తొందరలోనే మొదలుపెట్టాను, ఒక వసంతంలో దాని ఫలితం నా కళ్ళారా చూశాను.

నేను వేటగాణ్ణి అని చెప్పుకోగలిగినవాణ్ణి కాను. మార్కాపురం దగ్గర పుట్టి, ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, ముప్పై ఎనిమిదో ఏట మొదటిసారి గడ్డకట్టిన సరస్సు మీద అడుగుపెట్టాను. ఇప్పటికి ఏడు శీతాకాలాలు, ఆరు వసంతాలు గడిచాయి. ఏడాదికి ఐసు మీద ఆరేడు రోజులు, టర్కీ వేటలో నాలుగైదు ఉదయాలు, అంతకుమించి నాకు తీరిక లేదు. ఆరు వసంతాలలో నేను ఇంటికి తెచ్చిన టర్కీ ఒక్కటే. సరదాగా చేసే పనికి నియమాలు కొంత సడలించుకోవచ్చుననీ, కచ్చితత్వం వృత్తిగా చేసేవాడికే కావాలనీ మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. నాకు తెలిసివచ్చింది దీనికి పూర్తిగా విరుద్ధం. ఏడాదికి వంద రోజులు బయట తిరిగేవాడు ఒక రోజును సులువుగా వదులుకోగలడు, రేపు మళ్ళీ వస్తాడు కనుక. అయిదు రోజులే ఉన్నవాడికి ప్రతి రోజూ ఆఖరి రోజులాగే అనిపిస్తుంది. అందుకే తీరిక వేళల వేటగాడు పట్టుకోవడం కంటే ముందు నేర్చుకోవలసింది వదిలిపెట్టడం అని నా వాదన.

గునపం దెబ్బలు

నాకు ఐసు మీద నడక నేర్పింది మా పక్కింటి పెద్దాయన. ఎనభైకి దగ్గరపడినవారు, వారి తాతలు నార్వే నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మొదటి రోజు ఆయన నా చేతికి గాలం ఇవ్వలేదు, గునపం ఇచ్చారు. మన పొలాల్లో గుంతలు తవ్వే గునపం లాంటిదే, కాకపోతే మొన దగ్గర ఉలిలాగా వెడల్పుగా ఉంటుంది, చేజారితే నీళ్ళలో పోకుండా పైన మణికట్టుకు తగిలించుకునే తాడు ఉంటుంది. అడుగు వేసే ముందు ఎదురుగా ఐసును బలంగా పొడవాలి, చప్పుడు వినాలి, తర్వాతే అడుగు. గట్టి ఐసు మీద దెబ్బ పడితే రాతి మీద పడినట్టు బరువుగా మోగుతుంది. పలుచబడుతున్న చోట ఆ మోత డొల్లగా మారుతుంది. ఒకటి రెండు దెబ్బలకే మొన దిగి నీళ్ళు చిమ్మితే వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి రావాలి. ఆ రోజు మేము ఒడ్డు నుంచి నలభై అడుగుల దాకా వెళ్ళి, ఒక వాగు వచ్చి కలిసే చోట దెబ్బ డొల్లగా మోగడంతో తిరిగి వచ్చేశాం. ఒక్క గాలం కూడా వేయలేదు. ఆయన థర్మాస్‌లో తెచ్చిన కాఫీ తాగి ఇంటికి వెళ్ళాం. నాకు ఆ రోజు చాలా నిరాశ కలిగిందని దాచకుండా చెబుతున్నాను.

తర్వాత అర్థమైంది, సరస్సు అంతటా ఐసు ఒకే మందంలో ఉండదని. నీళ్ళు నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉంటాయి కనుక ఆ నీళ్ళు అడుగుకు చేరి, అంతకంటే చల్లబడిన నీళ్ళు పైకి తేలి, పైనుంచి గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకే కింద చేపలు బతుకుతాయి, పైన మనం నడవగలుగుతాం. కానీ అడుగున ఊట ఉన్నచోట, వాగు కలిసే చోట, వంతెన కింద, బాతులు ఈదుతూ నీటిని గడ్డకట్టనివ్వని చోట పక్కపక్కనే ఆరు అంగుళాలూ రెండు అంగుళాలూ ఉండవచ్చు. ఈ రాష్ట్రపు సహజ వనరుల శాఖ మనిషి నడవడానికి కనీసం నాలుగు అంగుళాల కొత్త, స్వచ్ఛమైన ఐసు ఉండాలని చెబుతుంది. మంచు కలిసి తెల్లబడిన ఐసు అయితే దానికి రెట్టింపు కావాలి. ఆ శాఖే ఏ ఐసూ నూటికి నూరుపాళ్ళు సురక్షితం కాదని కూడా ప్రతి ఏడాదీ గుర్తుచేస్తుంది.

కొలత తీసే పద్ధతి మహా తేలిక. వడ్రంగి బరమాకు పెద్దన్నలాంటి ఆగర్‌తో చిన్న రంధ్రం చేసి, ఇనుప టేపు కొసన ఉండే కొక్కేన్ని నీళ్ళలోకి దింపి, ఐసు అడుగు అంచుకు తగిలేలా పైకి లాగి అంకె చూడడమే. పది సెకన్లు కూడా పట్టదు. ఆ పది సెకన్లు తీసుకోని వాళ్ళందరూ మొండివాళ్ళు అని నేను అనను. చాలామంది తెల్లవారుజామున మూడు గంటలు కారు నడిపి, ఎముకలు కొరికే చలిలో సామాను దింపి, చేపలు కదిలే వేళ దాటిపోతుందన్న ఆత్రంలో ఉంటారు. 2022 నవంబరు చివర అప్పర్ రెడ్ లేక్‌లో ఐసు ఒడ్డు నుంచి విడిపోయి సుమారు రెండు వందల మంది నీటి మధ్య చిక్కుకున్నారు. మళ్ళీ 2023 డిసెంబరు చివర అదే సరస్సులో వంద మందికి పైగా అలాగే చిక్కుకుంటే రక్షించవలసి వచ్చింది. ఆ సరస్సు లోతు తక్కువైనది, ఉత్తరాన ఉంది, అందుకే ముందుగా గడ్డకడుతుంది. ఏడెనిమిది నెలలు ఎదురుచూసినవాళ్ళు రాష్ట్రం నలుమూలల నుంచీ మొదట అక్కడికే పరుగెత్తుతారు. ఆ ఆత్రం నాకు బాగా తెలుసు కనుక వాళ్ళను తప్పుపట్టే మనసు రాదు.

చల్లటి నీటిలో పడితే ఏమవుతుందో మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటి ఉంది: ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మాట వినే వ్యవధి పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే ప్రాణం నిలబెట్టేది మధ్యలో ఉన్న ఆ పది నిమిషాలే. ఐసు మీదికి వెళ్ళేవారు మెడలో వేలాడదీసుకోవలసిన, మేకులు బిగించిన రెండు పిడులను అప్పుడు చేతుల్లోకి తీసుకుని, వచ్చిన దిక్కుకే తిరిగి, ఎందుకంటే ఆ ఐసు అప్పటిదాకా మనల్ని మోసింది, మేకులు గుచ్చి కాళ్ళు కొట్టుకుంటూ పైకి పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరంగా రావాలి. మా తమ్ముడి ఫొటోలో ఇద్దరి మెడల్లోనూ ఆ పిడులు లేవు. నేను ఆ ఫొటోను పెద్దది చేసి మరీ చూశాను.

యాభై అయిదు గజాల దూరంలో

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అది ఐసు మీద జరగలేదు, ఏప్రిల్ చివర ఆగ్నేయ మిన్నెసోటా లోయల్లో జరిగింది.

టర్కీ వేట గురించి వినేవారికి మొదట విచిత్రంగా తోచేది, అది చాలా మేరకు కూర్చోవడం అన్న సంగతి. రాత్రిపూట టర్కీలు చెట్ల మీద పడుకుంటాయి. తెల్లవారక ముందే చీకట్లో వెళ్ళి, భుజాల కంటే వెడల్పైన చెట్టు మొదలుకు వీపు ఆనించి, ముఖానికి కూడా ముసుగు వేసుకుని కదలకుండా కూర్చోవాలి. తూరుపు తెల్లబడే వేళకు గుడ్లగూబ కూతకు ఉలిక్కిపడినట్టుగా పుంజు కొమ్మ మీదినుంచి గొబగొబమని అరుస్తుంది. ఉరుముకు కూడా అలాగే బదులిస్తుంది. మా ఊళ్ళో చింతచెట్ల మీద పడుకున్న నెమళ్ళు ఉరిమినప్పుడు కేకలు పెట్టడం విన్నవాణ్ణి కనుక ఆ మొదటి ఉదయం నాకు పరాయి అడవిలో ఉన్నానన్న భావన ఒక్క క్షణం పోయింది. ఆ తర్వాత చెక్కపెట్టె మూతను రాపాడించి పెట్ట పిలుపు పలికించాలి. ప్రకృతిలో పెట్ట పుంజు దగ్గరికి వెళుతుంది, మనం దాన్ని తిరగేసి పుంజునే పెట్ట దగ్గరికి రప్పించాలని చూస్తాం, కష్టమంతా అక్కడే. ముందు నేల మీద బొమ్మ పెట్టను నిలబెడతారు. మా తాత కౌజుల వేట కబుర్లు చెప్పేటప్పుడు పంజరంలో ఉంచి కూయించే పెంపుడు కౌజును దీమం అనేవారు. ఈ బొమ్మను చూసినప్పుడు నా నోట వచ్చిన మాట అదే.

మిన్నెసోటాలో వసంత కాలపు వేట ఆరు విడతలుగా సాగుతుంది, తుపాకి వేటగాడు తన విడతను ముందే ఎంచుకోవాలి. నా రెండో ఏడాది, నా విడతలో ఆఖరి ఉదయం. నాలుగు రోజులుగా ఒక్క పక్షీ కనిపించలేదు. ఎనిమిదింటికి ఒక పుంజు పొలం గట్టు మీదికి వచ్చి, తోక విసనకర్రలా విప్పి, దీమాన్ని చూస్తూ అక్కడే నిలబడిపోయింది. ఎర్రగా, తెల్లగా, నీలంగా రంగు మారే ఆ తల, రొమ్ము మీదినుంచి వేలాడే కుచ్చు గడ్డం నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రమ్మని పిలిచాను, రాలేదు. అది ఎంత దూరంలో ఉందో నేను కొలవలేదు. నలభై గజాలు ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. సోమవారం ఆఫీసు ఉంది, మళ్ళీ ఏడాది దాకా రాలేను, అని కూడా చెప్పుకున్నాను. కాల్చాను. పక్షి బోర్లా పడి, ఈకలు రాల్చి, లేచి, ఒక రెక్క ఈడ్చుకుంటూ పొదల్లోకి పరుగెత్తింది. నాలుగు గంటలు వెదికాను. దొరకలేదు. ఆ తర్వాత నడిచి కొలిస్తే చెట్టు మొదలు నుంచి ఈకలు రాలిన చోటికి యాభై అయిదు గజాలు.

నా దగ్గర చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంది, వేళ దాటలేదు, పక్షికి గడ్డం ఉంది. చట్టం ప్రకారం నేను చేసిన తప్పు ఏదీ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా భార్య "ఇక మానేయండి" అంది, ఆమె మాటలో నూటికి నూరుపాళ్ళూ న్యాయం ఉంది. మరునాడు పెద్దాయనతో జరిగింది చెప్పాను. ఆయన మందలించలేదు. తర్వాతి ఆదివారం ఒక మైదానానికి తీసుకెళ్ళి, అట్టముక్కల మీద టర్కీ తల, మెడ గీసి, ఇరవై, ముప్పై, నలభై, యాభై పెద్ద అంగల దూరంలో నిలబెట్టి, ఒక్క తూటాతో ఎన్నో చిన్న గుండ్లు విరజిమ్మే నా తుపాకితోనే కాల్పించారు. తర్వాత పెన్సిలుతో ఒక్కొక్క గుండు రంధ్రం చుట్టూ సున్న చుట్టి లెక్కపెట్టమన్నారు. ముప్పై అంగల దగ్గర తల, మెడలలో పద్నాలుగు. నలభై దగ్గర ఎనిమిది. యాభై దగ్గర రెండు, అందులో ఒకటి గీత మీద ఉంది. ఆ నాలుగో అట్టముక్క ఇప్పటికీ మా గరాజు గోడకు ఉంది.

అప్పటినుంచి కూర్చోగానే నేను చేసే మొదటి పని, చీకట్లోనే ముప్పై అయిదు అంగలు నడిచి అక్కడ ఒక పుల్ల గుచ్చి రావడం. ఆ పుల్లకు అవతల ఎంత అందమైన పుంజు నిలబడినా తుపాకి మోకాలి మీదే ఉంటుంది. ఇలా మూడో వసంతంలో రెండు పక్షులను వెళ్ళనిచ్చాను. నాలుగో వసంతంలో ఒకటి పుల్లకు ఇవతలికి వచ్చింది. పెట్టల్లో కొన్నింటికి కూడా గడ్డం ఉంటుంది, ఇక్కడి చట్టం గడ్డం ఉన్న పక్షిని కాల్చనిస్తుంది, అయినా అలాంటి పెట్టను నేను కాల్చను, ఆ నెలలో అది గుడ్లు పెట్టే పక్షి.

ఇరవై తొమ్మిది పక్షులు

ఇంత వదులుకోవడం దేనికి, అసలు వెళ్ళకుండా ఉంటే సరిపోదా అని మా చెల్లెలు ఫోనులో అడిగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన దేశంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ ప్రశ్న రావడం సహజం, ఆ చట్టం మన దేశానికి అవసరమైనదేనని నేను నమ్ముతాను. ఇక్కడి కథ వేరు. అడవులు నరకడం వల్ల, అదుపులేని వేట వల్ల 19వ శతాబ్దం ముగిసేసరికే మిన్నెసోటాలో అడవి టర్కీ కనుమరుగైంది. పెంపకపు పక్షులను తెచ్చి అడవిలో వదిలిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు మిస్సోరీలో పట్టిన 29 అడవి పక్షులను ఆగ్నేయ మూలనున్న హ్యూస్టన్ కౌంటీలో వదిలారు, 1973 నాటి మాట ఇది. ఈనాడు రాష్ట్రంలో చాలా భాగానికి ఈ పక్షి విస్తరించడానికి పునాది అదే. వేటకు తొలిసారి అనుమతించింది 1978లో. అంటే ఆ పక్షి కళ్ళ ముందు తిరుగుతున్నా అక్కడివారు దాదాపు అయిదేళ్ళు తుపాకి దించి ఉంచారు. తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బును వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచే పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం 1937 నాటిది, నేను కొనే ప్రతి తూటాలోనూ ఆ వాటా ఉంటుంది. పన్ను కట్టాను కనుక చంపే హక్కు వచ్చిందని నేను వాదించడం లేదు. గాయపడి పొదల్లోకి పోయిన ఆ పుంజుకు ఏ పన్నూ సమాధానం చెప్పదు. నేను తినే మాంసానికి ఏడాదికి ఒక్కసారైనా బాధ్యుణ్ణి నేనే కావాలన్నది నా కారణం, అది చెల్లెలికి చాలలేదు, చాలకపోవడం నాకు అర్థమవుతుంది.

మన తీరంలో మత్స్యకారులు సముద్రం మీదికి వెళ్ళడాన్ని కూడా వేట అనే అంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవలతో ఆ వేట ఆపుతారు. కడుపు నింపే వేటనే రెండు నెలలు ఒడ్డున కట్టివేస్తున్నప్పుడు, జీతం మీద బతికే నేను ఒక శనివారం వదులుకోలేనంటే ఎలా అని నాకు అనిపిస్తుంది.

ఒప్పుకోవలసినవి

నా వాదనకు రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది పెద్దాయన చెప్పిందే. ఆయన ఎరిగినవారిలో ఐసు కింద పోయిన ఇద్దరూ కొత్తవాళ్ళు కారు, అదే సరస్సు మీద దశాబ్దాల పాటు నడిచినవాళ్ళు. కాబట్టి ప్రమాదం తొందరలో కాక అతి చనువులో ఉందని ఆయన అభిప్రాయం. నేను దీన్ని కాదనలేను. అయితే చనువు అనేది నాలాంటివాడికి రావడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది. నా ఇంట్లో ఇప్పుడున్న జబ్బు తొందర, ముందు దానికే మందు వేసుకోవాలి.

రెండోది ఇంకా కష్టమైనది. వదిలిపెట్టడం పేరుతో భయాన్ని పోషించుకునే అవకాశం ఉంది. నాలుగో శీతాకాలంలో, జనవరి మధ్యలో, రాత్రి ఐసు పగిలి మూలిగిన శబ్దం విని నేను సామాను సర్దుకుని వచ్చేశాను. మరునాడు పెద్దాయన వెళ్ళి కొలిస్తే తొమ్మిది అంగుళాలు. చలి పెరిగి తగ్గేకొద్దీ సంకోచిస్తూ, వ్యాకోచిస్తూ ఉన్న ఐసు అలా మోగుతుందట. అది సంయమనం కాదు, తెలియనితనం. అందువల్ల వెనక్కి తిరగడానికి కూడా కొలత కావాలి. గునపం దెబ్బ, టేపు మీది అంకె, అట్టముక్క మీది సున్నలు లేకుండా "నాకెందుకో మంచిగా అనిపించలేదు" అని ఆగిపోయేవాడు కూడా ఏమీ నేర్చుకోలేడు. ఆ విషయంలో నేను ఇంకా విద్యార్థినే.

ఫలితం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే వదిలిపెట్టడమే తప్ప ఏమీ దక్కలేదనుకుంటారేమో. మంచి ఐసు ఉన్న రోజున గుడారంలో కూర్చుని, రంధ్రంలో పేరుకునే ఐసు ముక్కలను చిల్లుల గరిటెతో తోడి, బెండు ఒక్క ఇంచీ కుంగడం చూసినప్పుడు కలిగే సంతోషం నాకు మరెక్కడా దొరకలేదు. బ్లూగిల్, క్రాపీ చేపలు వేపుడుకు బాగుంటాయి, పులుసుకు పెర్చ్ బాగుంటుంది. నా ఒక్క టర్కీ తొడలను నాటుకోడిలాగే గంటన్నర పైగా సన్నని మంట మీద ఉడికించవలసి వచ్చింది. మా పిల్లలు ఎముక కూడా వదల్లేదు.

జనవరి నెలాఖరున ఆ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అదే సరస్సు మీదికి వెళ్ళాను. పదమూడు అంగుళాలు ఉంది. అంత ఉన్నా గునపం అతని చేతికే ఇచ్చి ముందు నడవమన్నాను. వాగు కలిసే చోటికి చేరేసరికి దెబ్బ మోత మారింది. అతను ఆగి, నా వైపు చూసి, మళ్ళీ కొట్టాడు, మూడో దెబ్బకు నీళ్ళు పైకి చిమ్మాయి. "డిసెంబరులో మేము కూర్చుంది ఇంచుమించు ఇక్కడే అన్నా" అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఇద్దరం మా అడుగుజాడల్లోనే వెనక్కి వచ్చి మరోచోట రంధ్రాలు వేసుకున్నాం.

ఇప్పుడు ఏప్రిల్‌లో టర్కీ వేటకు తీసుకెళ్ళమంటున్నాడు. హెచ్‌1బీ లాంటి వీసాపై ఉన్నవారి దగ్గర తుపాకి ఉండరాదని ఫెడరల్ చట్టం చెబుతుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. 1979 తర్వాత పుట్టినవాడు కనుక లైసెన్సుకు ముందు తుపాకి భద్రత శిక్షణ పూర్తి చేయాలి. అవన్నీ చూసుకుంటానన్నాడు. సరేనన్నాను. కాకపోతే మొదటి ఉదయం తుపాకి లేకుండా వచ్చి, చెట్టుకు ఆనుకుని కూర్చుని, పుంజు ఎంత దూరంలో నిలబడిందో అంచనా వేసి కాగితం మీద రాసి, తర్వాత నడిచి కొలవాలన్నాను. అతనికి ఈసారి సెలవు దొరికేది రెండు ఉదయాలకే. ఆలోచించి చెబుతానన్నాడు.